తిరిగి తీసుకునే వీలు లేదు

జూన్ 9

తమ్ముడికి,

నువ్వు వెళ్లి పదిరోజులు దాటింది. క్షేమంగా చేరావని రాత్రి సర్వీసు డ్రైవరు చెప్పాడు. నువ్వు రాయలేదు. కొత్త కదా, తీరిక ఉండదు.

సభలో నువ్వు ప్రమాణం చేయడం టీ కొట్టు టీవీలో చూశాం. నీ కాలరు కుడివైపు లేచి ఉంది. నేను ఇస్త్రీ చేసి ఇచ్చినప్పుడు బాగానే ఉంది. పక్కనున్నవాళ్లు ఎవరూ చెప్పలేదా?

నీ పేరు పిలవగానే మెకానిక్కులంతా డిపో గేటు బయటికి వచ్చి "రైట్ రైట్" అని అరిచారు. ఇరవై ఏడేళ్లు బస్సులో నువ్వు అరిచిన మాట ఇప్పుడు ఊరంతా నీకు పేరుగా పెట్టింది. నిన్ను ఎవరూ అసలు పేరుతో పిలవడం లేదు.

ఆకుకూరలమ్మ తొలి బస్సు దిగి, గంప దించుకుని నా కుట్టు దుకాణం మెట్టు మీద కూర్చుంది. "మీ తమ్ముడు గెలిచాడుగా, ఇక డిపో మూయరు కదూ?" అంది. మూయరు అన్నాను. ఆ ఒక్క మాట మీదే కదా నీకు ఓట్లు పడ్డాయి. డిపో పోతే పన్నెండు ఊళ్లకు బస్సులు పోతాయి. వాళ్ల భయం అదే.

ఎన్నికల్లో నిలబడాలంటే ఉద్యోగం వదలాలన్నారు, వదిలావు. నీ సంచీ, టికెట్ల మిషను ఇంకా మన ఇంట్లోనే ఉన్నాయని గుమస్తా కబురు పెట్టాడు. తీసుకెళ్లి ఇచ్చేశాను. రసీదు ఇందులో పెట్టాను.

నీ జీతం ఎంతని అందరూ అడుగుతున్నారు. నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు. చెప్పాలనిపిస్తే రాయి.

మోకాలు మామూలే.

మీ అన్న


జూన్ 21
సభ్యుల వసతి, గది 27

అన్నయ్యకి,

కాలరు సంగతి నువ్వు రాసేదాకా నాకు తెలియదు. ఇక్కడ ఎవరి కాలరు ఎవరూ చూడరు. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూస్తారు.

గదిలో ఇద్దరం. రెండో మంచం ఒక వకీలుది. మంచివాడు. గురక పెడతాడు, అది ఒక్కటే. కిటికీ తీస్తే కార్లు నిలిపే చోటు కనపడుతుంది. పొద్దున లేవగానే నేను బస్సుల్ని లెక్కపెట్టినట్టు కార్లను లెక్కపెడతాను. అలవాటు పోలేదు.

జీతం అడిగావు. డిపోలో ఇచ్చినదానికి నాలుగింతలు. ఇది కాక సభ జరిగిన రోజుకి ఒక భత్యం. పుస్తకంలో సంతకం పెడితే చాలు, లోపల కూర్చోనక్కర్లేదు. చాలామంది సంతకం పెట్టి, టీ తాగి, అటునుంచి అటే వెళ్లిపోతారు. తనిఖీ అధికారి లేని బస్సు అనుకో.

నాలుగింతలని విని ఊళ్లో వాళ్లు నోరు తెరుస్తారేమో. పొద్దున ఏడింటికే నా గుమ్మం ముందు వరస ఉంటుంది. ఆస్పత్రి ఖర్చు, ఫీజు, దహనం ఖర్చు. మన దగ్గరినుంచి ఇంత దూరం వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో ఎలా పంపను? కనీసం తిరుగు చార్జీ ఇవ్వాలి. నెల సగానికి జీతం అయిపోతుంది. "మిగతా సగం ఎలా గడుపుతారు?" అని వకీల్ని అడిగితే, "అది తెలిసినవాళ్లే రెండోసారి గెలుస్తారు" అన్నాడు.

వకీలుకి ఆ బాధ లేదు. నెలకి నాలుగు రోజులు కోర్టుకి వెళ్తే మా జీతం అంత వస్తుంది. అందుకే సభలో లేచి ఎవర్నైనా నిలదీస్తాడు. వాళ్ల పార్టీ పెద్దల్ని కూడా. ఓడిపోయాడనుకో, సోమవారం పొద్దున నల్లకోటు వేసుకుని కోర్టులో ఉంటాడు. ధైర్యానికి కూడా వెనక ఒక ఆదాయం ఉండాలి అన్నయ్యా. ఈ సంగతి ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

పింఛను సంగతి కూడా విను. ఇక్కడ రెండుసార్లు గెలిచినవాళ్లకే పింఛను. డిపోలో ఇంకో మూడేళ్లు చేసి ఉంటే పూర్తి పింఛను వచ్చేది. అది వదిలి ఇక్కడికి వచ్చాను. ఇప్పుడు రెండింటికీ మధ్యలో నిలబడ్డాను.

డిపో గురించి దిగులు వద్దని అందరికీ చెప్పు.

నీ తమ్ముడు


ఆగస్టు 2

తమ్ముడికి,

పాత కొలతలతో రెండు చొక్కాలు కుట్టి, నిన్న పొద్దున సర్వీసులో డ్రైవరు చేత పంపాను. కాలర్లకి లోపల గట్టి గుడ్డ వేశాను. లేవవు.

టీ కొట్టులో రోజూ టీవీ పెడుతున్నారు. నువ్వు కనపడతావు, మాట్లాడవు. టీ కొట్టాయన అన్నాడు, "బస్సులో గంటసేపు నోరు మూయని మనిషి, అక్కడికెళ్లి నోరు తెరవడేమిటి?" అని. అందరూ నవ్వారు. నేను గ్లాసు పెట్టేసి వచ్చేశాను.

నువ్వేమీ అనుకోకు. వాళ్లన్నది రాశాను, అంతే.

డిపోలో కొత్త టైర్లు రావడం లేదట. రెండు బస్సులు షెడ్డులోనే ఉన్నాయి. నీకు తెలుసో లేదో అని రాస్తున్నాను.

మీ అన్న


ఆగస్టు 30
సభ్యుల క్వార్టర్లు, 9

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి మూడు వారాలు జవాబు రాయబుద్ధి కాలేదు. ఊరు నవ్విందని నువ్వు రాస్తే నేను ఎవరితో చెప్పుకోను? మాట్లాడాలంటే పార్టీ ఇచ్చిన జాబితాలో పేరు ఉండాలి. ఆ జాబితా పెద్దాయన చూస్తాడు. పార్టీ మొత్తానికి ఆయనే పెద్ద. నా ఎన్నిక ఖర్చంతా ఆయనదే. జెండా దగ్గర్నించి మైకు దాకా. నీ దగ్గరగానీ, నా దగ్గరగానీ ఏముంది? మళ్లీ టికెట్టు ఇవ్వాల్సింది కూడా ఆయనే. ఇరవై ఏడేళ్లు అడిగినవాడికల్లా టికెట్టు కొట్టి ఇచ్చాను. ఇప్పుడు ఒక్క టికెట్టు కోసం నేను నిలబడాలి.

మా వరసలో మూడుసార్లు గెలిచిన ఒక మేష్టారు ఉన్నాడు. పదేళ్లుగా సభలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకి కారు ఉంది, కమిటీ ఉంది, పింఛను ఖాయమైంది. ఆయన్ని చూసి అందరూ నేర్చుకుంటారు. బస్సులో నేను "హోల్డాన్" అంటే ఎంత పెద్ద డ్రైవరైనా బ్రేకు వేసేవాడు. ఇక్కడ ఆ మాట ఎవరికీ రాదు.

అయినా నేను ఊరుకోలేదు. మొన్న పెద్దాయన పిలిపించాడు.

"ఏమయ్యా, మీ ఊరి డిపో నష్టాల్లో ఉందట?" అన్నాడు.

"అయ్యా, దాని జోలికి వస్తే నేను రాజీనామా చేసి మళ్లీ బస్సెక్కుతాను" అన్నాను.

గదిలో ఉన్నవాళ్లంతా గోడలకేసి చూశారు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తొందరపడకు. చూద్దాంలే" అన్నాడు. నేను రాజీనామా చేస్తే మన దగ్గర మళ్లీ ఎన్నిక పెట్టాలి. బస్సుల గొడవలో ఎన్నిక వస్తే ఓడిపోతామని ఆయనకి తెలుసు. ఆ మాట అనాలని వెళ్లలేదు. కానీ అన్నాను.

నిజం చెబుతున్నా అన్నయ్యా, కొన్నిసార్లు పొద్దున్నే సంచీ తగిలించుకుని తొలి బస్సెక్కేయాలనిపిస్తుంది. అక్కడ నాకు ఎవరు ఎక్కారో, ఎవరు దిగారో తెలిసేది.

చొక్కాలు బిగువయ్యాయి. పొట్ట దగ్గర గుండీ పడటం లేదు. ఇక్కడ నడక లేదు. ప్రతి మీటింగులో తినడమే.

నీ తమ్ముడు

బావగారికి మీ మరదలి నమస్కారం. ఈయన రాసిందంతా మనసుకి పెట్టుకోకండి. మేం బాగున్నాం. ఇక్కడ వంటింట్లోనే కుళాయి ఉంది, తిప్పితే చాలు నీళ్లు. పదిహేనేళ్ల వయసు నుంచి బిందెలు మోశాను, ఇక్కడికి వచ్చిన ఈ రెండు వారాలే మోయలేదు. మీరు మోకాలికి తైలం రాస్తున్నారా?


సెప్టెంబరు 20

తమ్ముడికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తొలి బస్సెక్కేయాలని ఉందని రాశావు. నువ్వు చిన్నప్పటి నుంచి బాధ ఉంటే తప్ప అలా అనవు. మరదలు నా కోసం ధైర్యంగా రాసిందని అర్థమైంది.

నేను ఒక పని చేశాను. చేశాక చెబుతున్నాను.

పోయిన సోమవారం డిపో మేనేజరు దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లుగా గేటు ఎదురుగా ఉన్నా ఆయన గదిలోకి ఎప్పుడూ వెళ్లలేదు. చెప్పులు బయట విప్పాలో వద్దో తెలియలేదు. విప్పాను. లోపల అందరూ బూట్లతోనే ఉన్నారు.

"ఏం కావాలి?" అన్నాడు.

"ఉద్యోగమండీ."

"మీకా?"

"మా తమ్ముడికండీ. కండక్టరుగా. ఇదివరకు చేశాడు."

ఆయనకి అప్పుడు అర్థమైంది. కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏం, అక్కడ జీతం చాలడం లేదా ఆయనకి?" అన్నాడు. గుమస్తా నవ్వాడు.

"అది కాదండీ. ఎప్పుడైనా రావాలనుకుంటే దారి ఉండాలి కదండీ" అన్నాను.

నాకు అంతకంటే చెప్పడం రాలేదు. రాసి ఇవ్వమన్నాడు. అక్కడే బల్ల మీద రాసి ఇచ్చాను. నా తమ్ముడు ఇరవై ఏడేళ్లు ఒక్క ఫిర్యాదు లేకుండా పని చేశాడు, అతను తిరిగి వస్తే దయచేసి పాత ఉద్యోగం ఇవ్వగలరా, ఇట్లు అతని అన్న, అని రాశాను. ముద్ర వేసి నకలు ఇచ్చారు. పై ఆఫీసుకి పంపి జవాబు చెప్తామన్నారు.

ఇంటికొచ్చి ఖాకీ చొక్కాలు రెండు కత్తిరించాను. నడుము రెండంగుళాలు పెంచాను. చాలకపోతే విప్పుకోవడానికి లోపల గుడ్డ వదిలాను.

ఇప్పుడు నువ్వు అక్కడ ధైర్యంగా ఉండొచ్చు. వకీలుకి కోర్టు ఉన్నట్టు నీకు ఇది ఉంటుంది.

మీ అన్న


అక్టోబరు 4

అన్నయ్యకి,

ఆ దరఖాస్తు వెనక్కి తీసుకో. ఈ ఉత్తరం అందిన రోజే వెళ్లు. ఇంకా జవాబు రాలేదంటే మంచిదే. మేనేజరుకి నేను ఫోను చేయలేను, చేస్తే నేనే చేయించానంటారు. నువ్వే వెళ్లు. ఎందుకని అడగకు. తరవాత రాస్తాను.

నీ తమ్ముడు


అక్టోబరు 11

తమ్ముడికి,

నీ ఉత్తరం నిన్న అందింది. నిన్ననే వెళ్లాను. ఆలస్యమైంది. జవాబు నాలుగు రోజుల ముందే వచ్చింది.

"స్వచ్ఛందంగా రాజీనామా చేసినందువల్ల, వయోపరిమితి దాటినందువల్ల, సదరు వ్యక్తిని తిరిగి తీసుకునే వీలు లేదు." అంతే రాశారు. కింద సంతకం. నకలు పంపుతున్నాను.

గుమస్తా ఆ కాగితం టీ కొట్టులో చదివి వినిపించాడట. అక్కడ పేపరు విలేకరి ఉన్నాడు. పేపర్లో నాలుగు లైన్లు వేశారు. నీ ఫొటో కూడా వేశారు, బస్సు మెట్టు మీద నిలబడిన పాతది.

నీకు తలవంపులు తెచ్చాను. సభ్యుడి అన్న ఉద్యోగం కోసం చెప్పులు విప్పుకుని నిలబడ్డాడని అక్కడ అందరూ అనుకుని ఉంటారు. అంత దూరం ఆలోచించలేదు. ఇవాళ దుకాణం తీయలేదు.

మీ అన్న


నవంబరు 14

అన్నయ్యకి,

తలవంపులంటావా? తలవంపులైతే దులుపుకునేవాణ్ణి. నువ్వు ఏం చేశావో నీకు ఇంకా అర్థం కాలేదు.

నేను పెద్దాయనతో మళ్లీ బస్సెక్కుతానన్నాను చూడు, అది వట్టి మాట కాదు, వట్టి మాటా అవును. నాకు తెలీదు. ఆయనకీ తెలీదు. ఆయనకి తెలీదు కాబట్టే నెలన్నర పాటు మన డిపో పేరు ఏ కాగితంలోనూ రాలేదు. నా చేతిలో ఉన్నది అదొక్కటే. పేపర్లో ఆ నాలుగు లైన్లు పడ్డ మూడో రోజు నన్ను పిలిచాడు. ముందు బల్ల మీద పేపరు మడిచి ఉంది.

"మీ అన్నగారు చాలా మంచివాడయ్యా" అన్నాడు. "నీకోసం ఉద్యోగం అడిగాడట."

"పెద్దవాడండీ. తెలియక..."

"కుదరదన్నారు కదా."

నేను ఆ మడిచిన పేపరుకేసి చూశాను.

"మరి ఇక్కణ్ణించి దిగి ఎక్కడికి పోతావు?"

తిట్టలేదు. నవ్వలేదు. టీ తెప్పించాడు. చల్లారేదాకా తాగమని చెబుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రానికి డిపోల విలీనం బిల్లులో మన డిపో పేరు చేరింది. పక్క పట్నం డిపోలో కలిపేస్తారట. వచ్చే నెల ఓటింగు.

ఓటు వేస్తే ప్రయాణికుల సౌకర్యాల కమిటీకి అధ్యక్షుడిని చేస్తారు. కారు, ఇద్దరు మనుషులు, జీతానికి మళ్లీ సగం. రెండోసారి టికెట్టు. రెండోసారి గెలిస్తే పింఛను. వేయకపోతే పార్టీలోంచి తీసేస్తారు, సభ్యత్వం కూడా పోతుంది. యాభై రెండేళ్లు నాకు. ఏ పని చేయను చెప్పు? నా మొహం ఊరందరికీ తెలుసు. టీ కొట్టులో గ్లాసులు కడుగుతానంటే కూడా పెట్టుకోరు.

ఇన్నాళ్లూ డిపో డిపో అని రాశావు. నాకు ఇప్పుడు తడుతోంది. డిపో పోతే నీకు యూనిఫాంల కుట్టు పని పోతుంది. అది సూటిగా రాయొచ్చు కదా అన్నయ్యా? నాకోసమన్నట్టు ఎందుకు?

కోపంలో రాశాను. అయినా చింపడం లేదు, పంపుతున్నాను.

నీ తమ్ముడు


నవంబరు 22

తమ్ముడికి,

యూనిఫాంలు ఈ ఏడాది మొదటి నుంచి నేను కుట్టడం లేదు. ఫ్యాక్టరీ నుంచి తయారైనవి వస్తున్నాయి. సంచుల్లో వస్తాయి, చిన్నవీ మధ్యవీ పెద్దవీ అని. నువ్వు అప్పుడు ఎన్నికల తిరుగుడులో ఉన్నావు, చెప్పలేదు. ఇప్పుడు నావి స్కూలు లంగాలు, దిండు గలీబులు. నా ఒక్కడికి సరిపోతుంది. నీ చొక్కాల ఖాకీ మిగిలిపోయిన తానులోది.

పేపర్లో పడ్డ సంగతి ఇప్పుడు అర్థమైంది. నేను నీకు దారి చూద్దామనుకున్నాను. దారి లేదని వాళ్లకి చూపించాను. నువ్వు రాయకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. కోపంలోనైనా రాశావు, అది మంచిది.

నీ ఇష్టం అని రాయాలని మొదలుపెట్టాను. రాయలేకపోయాను. వద్దని ఓటు వెయ్యి.

వచ్చెయ్. దుకాణంలో రెండో మిషను ఊరికే ఉంది. కాజాలు తీయడం వారంలో నేర్పుతాను. నీ చేతికి లెక్క తెలుసు, చూపు ఇంకా బాగుంది. మొదట్లో తక్కువ వస్తుంది. ఊళ్లో నీ మొహం తెలుసు కాబట్టే వస్తారు, మానరు. మరదలికి వంటింట్లో కుళాయి వేయిస్తాను. ప్లంబరుతో మాట్లాడాను. గోడకి ఒక చోట బెజ్జం పెట్టాలి, అంతే.

నేను ఇవ్వగలిగింది ఇది. పెద్దాయన ఇచ్చేదాని ముందు ఏమీ కాదని తెలుసు.

మీ అన్న


డిసెంబరు 19

అన్నయ్యకి,

నీకు టీవీలో తెలిసే ఉంటుంది. అవునని చేయి ఎత్తాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకునే వెళ్లాను. నమ్ము. ముందు రోజు మీ మరదలికి చదివి వినిపించాను. గోడకి బెజ్జం పెట్టాలన్న మాట దగ్గర ఆమె ఏడ్చింది. "వెళ్లిపోదామా?" అన్నాను. "మీ ఇష్టం" అంది. తరవాత వెళ్లి కుళాయి కింద గిన్నెలు కడుక్కుంది. చాలాసేపు కడిగింది.

వకీలు వద్దని చేయి ఎత్తాడు. బయటికొచ్చాక నా భుజం మీద చేయి వేసి, "నిన్ను తప్పుపట్టను. నాకు వెళ్లడానికి చోటుంది" అన్నాడు. ఆ మాట తిట్టులా తగిలింది.

అందరూ నన్ను డబ్బు మనిషి అనుకుంటారు. డబ్బు కాదన్నయ్యా. వచ్చే నెల ఏమిటో తెలియడం. అరవై ఏళ్లప్పుడు ఏమిటో తెలియడం. డిపోలో అది ఉండేది. అది ఉన్నప్పుడు నేను ఎవరికీ భయపడలేదు. అధికారిని కూడా బస్సు దించేశాను ఒకసారి, నీకు గుర్తుందో లేదో.

పూర్తిగా వదల్లేదు. పన్నెండు ఊళ్లలో ఐదింటికి పక్క పట్నం నుంచి బస్సు వేయిస్తున్నాను. రోజుకి ఒకసారి. అధ్యక్షుడిని కాబట్టే ఆ ఐదైనా వచ్చాయి. మిగతా ఏడు వచ్చే ఏడాది చూస్తాను. ఇది ఊళ్లో చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు.

ఎన్నికలకి ఇంకా నాలుగేళ్ల పైన ఉంది, అప్పటికి జనం మరిచిపోతారని పెద్దాయన అంటున్నాడు. అందరూ మరిచిపోకపోయినా ఫరవాలేదు. నువ్వు నా వెంట ఉంటే చాలు. ఫిబ్రవరి ఐదున ఆ ఐదు బస్సుల ప్రారంభానికి వస్తున్నాను. వేదిక మీద నా పక్క కుర్చీ నీకు వేయించమన్నాను.

ఆ రోజు రాసిన మాటకి క్షమించు. యూనిఫాంల గురించి.

నీ తమ్ముడు


జనవరి 8

తమ్ముడికి,

టీవీలో చూశాను. చేయి సగమే ఎత్తావు. లెక్కపెట్టే మనిషి రెండోసారి చూసి రాసుకున్నాడు.

డిపో గేటుకి తాళం పడింది. మెకానిక్కులని ఎక్కడెక్కడికో వేశారు. ఇద్దరు వెళ్లేముందు దుకాణానికి వచ్చారు. నీ మీద ఏమీ అనలేదు. ప్యాంట్ల అంచులు మడత వేయించుకుని వెళ్లారు.

ఆకుకూరలమ్మ ఊరు నీ ఐదింటిలో లేదు. ఇప్పుడు ఆమె పెద్దరోడ్డు దాకా నడిచి, ఏ లారీవాడో ఎక్కించుకుంటే వస్తోంది. తొమ్మిదవుతుంది. అప్పటికి కూర వాడిపోతుంది, సగం ధరకి ఇచ్చేస్తుంది. మొన్న మెట్టు మీద కూర్చుని, "మీ తమ్ముడు బాగున్నాడా?" అని అడిగింది. బాగున్నాడన్నాను. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఐదు బస్సుల సంగతి చెప్పమన్నావు. నిజం కాబట్టి చెప్పాను. ఏడింటి సంగతి చెప్పలేదు. అది నాకు తెలియదు కాబట్టి.

నన్ను ఒకటి తొలుస్తోంది. నేను ఆ దరఖాస్తు ఇవ్వకపోతే నువ్వు వద్దని చేయి ఎత్తేవాడివా? ఇది ఇంకెవర్నీ అడగలేను. నిన్ను అడుగుతున్నాను. ఎత్తేవాణ్ణంటే తప్పు నాది. ఎత్తేవాణ్ణి కాదంటే నీది. ఏదైనా సరే తెలిస్తే బాగుండును. తెలియదంటావేమో. అప్పుడు ఇద్దరం సగం సగం మోద్దాం.

నిన్ను డబ్బు మనిషి అని నేను అనుకోవడం లేదు. ఎవరైనా అంటే లేచి వచ్చేస్తున్నాను. భయపడ్డావు. నీ చోట ఉంటే నేనూ భయపడేవాణ్ణి. బహుశా నీకంటే ముందే చేయి ఎత్తేవాణ్ణి. నేను మేనేజరు గది ముందే చెప్పులు విప్పినవాణ్ణి.

కానీ తమ్ముడూ, వచ్చే ఎన్నికల్లో నా ఓటు నీకు వేయను. నాలుగేళ్లు ఉందని తెలుసు. మరిచిపోతానని నువ్వు అనుకోకూడదని ఇప్పుడే రాస్తున్నాను. ఎవరికి వేస్తానో తెలియదు. నీకు మాత్రం కాదు. ఇంకెవరికీ ఈ సంగతి చెప్పను. నీకు చెప్పకుండా ఉంటే, నువ్వు నా ఓటు లెక్కలో వేసుకుని తిరుగుతుంటే, నేను నిన్ను మోసం చేసినట్టవుతుంది.

వేదిక మీద నాకు కుర్చీ వేయించకు. అంతమంది ముందు నేను కూర్చోలేను. కూర్చున్నా నా మొహం చూసి అందరికీ తెలిసిపోతుంది.

మీటింగు అయ్యాక ఇంటికి రా. మరదల్ని తీసుకురా. మధ్యాహ్నానికి వంట చేసి ఉంచుతాను. బస్సుల మాట ఎత్తను, నువ్వూ ఎత్తకు.

ఓటు వేయనన్నానని ఇంటికి రావడం మాత్రం మానకు.

మీ అన్న